శిల్పచరిత్ర మాస్టారిని ఏమడగాలి?

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. శిల్పచరిత్ర మాస్టారిని ఇంటర్వ్యూ చేయడానికి నువ్వు రాసుకున్న ప్రశ్నల కాగితం చదివాను. "ఈ రంగంలోకి ఎలా వచ్చారు?", "మీకు నచ్చిన శిల్పం ఏది?" ఈ రెండూ కొట్టేయి. ఇలాంటివాటికి ఎన్నోసార్లు చెప్పి చెప్పి జవాబు కంఠతా వచ్చేసి ఉంటుంది. అది అప్పజెప్పేస్తారు, మనిషి మాత్రం నీకు కనబడడు.

ఆయన లేపాక్షి మీద పనిచేశారు కదా. అక్కడి గుడిలో రంగుల బొమ్మలు మంటపం కప్పు మీద ఉంటాయి. వెలుతురు తక్కువ, కాసేపు తలెత్తి చూస్తే మెడ పట్టేస్తుంది. "ఎలా చూశారండీ, నేలమీద పడుకునా, అద్దం పెట్టుకునా? టార్చి ఎవరు పట్టుకున్నారు? భోజనం ఎక్కడ చేసేవారు?" అని మొదలుపెట్టు. వీటికి తయారు జవాబులుండవు, గుర్తు చేసుకోవాల్సిందే. టార్చి పట్టుకున్న మనిషి గుర్తొస్తే ఆ ఊరు, ఆ వయసు, అప్పటి డబ్బు ఇబ్బందులు వాటంతటవే బయటికొస్తాయి.

అమరావతి బౌద్ధ స్తూపం శిల్పాల గురించి అడిగేటప్పుడు జాగ్రత్త. "మన శిల్పాలు లండన్‌లో ఉన్నాయి, మీకేమనిపిస్తుంది?" అంటే ఉపన్యాసం వస్తుంది. అక్కడి బ్రిటిష్ మ్యూజియంలో రెండు వైపులా చెక్కిన అమరావతి పలక ఒకటుంది. పాత వైపున బోధివృక్షం, ఖాళీ ఆసనం. తర్వాతి కాలంలో అదే రాయిని తిప్పి, రెండోవైపు స్తూపాన్ని చెక్కారు. "మీరు ముందు ఏ వైపు చూశారు? ఎంతసేపు నిలబడ్డారు?" అని అడుగు. ఆయన చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలోని పలకలే ఎక్కువ చూసి ఉంటే వాటి గురించే అడుగు.

వెళ్లేలోగా ఆయన పాత వ్యాసం ఒకటి, ఈమధ్యది ఒకటి చదువు. రెండింటి మధ్య కాలనిర్ణయమో అభిప్రాయమో మారితే నీకు అంతకంటే మంచి ప్రశ్న దొరకదు. కానీ మొదటి అరగంటలో తీయకు, పరీక్ష పెడుతున్నావనుకుని బిగుసుకుపోతారు. "మీరు అప్పుడు తప్పు చెప్పారు" అనకు, "ఏం చూశాక మారింది?" అను.

పది రోజుల ముందు ఉత్తరం రాసి మూడే ప్రశ్నలు పంపు. మొత్తం పంపితే జవాబులు రాసిపెట్టుకుని చదువుతారు. శిల్పాల ఫోటోలు ఆరు పెద్దవిగా ప్రింటు తీయించి పట్టుకెళ్లు. ఫోన్లో చూపిస్తే కళ్లద్దాలతో అవస్థ పడతారు. ప్రింటు చేతికిస్తే వేలుపెట్టి చూపిస్తూ మాట్లాడతారు. "ఇదిగో ఇక్కడ" అన్నప్పుడు అది ఏ ఫోటోలో ఏ మూలో నువ్వు పైకి చెప్పు, లేకపోతే తర్వాత రికార్డు విన్నప్పుడు ఏమీ తెలియదు.

రికార్డరు ఒకటి, ఫోను ఒకటి, రెండూ పెట్టు. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో ఉండాలి. రికార్డరు కింద మడతపెట్టిన తువ్వాలు వేస్తే బల్ల చప్పుడు ఎక్కదు. ఫ్యాను మరీ మోత పెడితే తగ్గించమని అడగడానికి మొహమాటపడకు. రికార్డు చేసుకోవడానికి అనుమతి రికార్డులోనే అడుగు. గంటన్నర చాలు, పెద్దవాళ్లు అలిసిపోతారు.

నువ్వు చేసే అసలు తప్పు ఇంకోటుంది. ఆయన ఆగగానే తర్వాతి ప్రశ్న వేస్తావు. మనసులో పది లెక్కపెట్టు. అసలు సంగతి చాలాసార్లు ఆ ఎడంలోనే వస్తుంది. సంవత్సరం తప్పు చెప్పినా అక్కడ దిద్దకు, ఇంటికొచ్చి సరిచూసుకో. ఇల్లూ పిల్లల విషయం ఆయనే ఎత్తితే సరే. ఇంకెప్పుడైనా ఆడమనిషిని ఇంటర్వ్యూ చేస్తే "ఇల్లెలా సంబాళించుకున్నారు?" అని అడగాలనిపిస్తుంది. మగవాళ్లను అడగని ప్రశ్న ఆడవాళ్లనూ అడగకు.

రికార్డరు కట్టేశాక వెంటనే లేవకు. గుమ్మం దగ్గర చెప్పే మాటలు విని, వాడుకోవచ్చా అని అక్కడే అడుగు. వద్దంటే వదిలెయ్. ఆ రాత్రే ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు రాసుకుని, వారంలోగా రాతప్రతి ఆయనకు పంపు.

ఇట్లు,
మీ పెద్దమ్మ