బల్ల కాళ్ళు కోయించిన దర్శకుడు

అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ కథా అందాయి. ఆర్నెల్లుగా కూర్చుంటున్నా పెద్ద కథేదీ తట్టడం లేదన్నావు. దానికి జవాబుగా నీకు హాలీవుడ్ తొలినాళ్ళ దర్శకుడు అలన్ డ్వాన్ సంగతి చెప్పాలి.

1885లో టొరంటోలో పుట్టాడు. చదివింది ఇంజినీరింగు. చికాగోలో ఎస్సనే అనే సినిమా కంపెనీకి దీపాల పని మీద వెళ్ళి, వాళ్ళు కథలు కొంటారని తెలిసి తన కథలు అమ్ముకుని, అక్కడే కుదురుకున్నాడు. 1911లో ఇంకో కంపెనీ తమ బృందం ఏం చేస్తోందో చూసి రమ్మని కాలిఫోర్నియా పంపింది. వెళ్తే ఏముంది? దర్శకుడు తాగుడు మీద పడి ఎటో పోయాడు, నటులు ఖాళీగా ఉన్నారు. దర్శకుడు లేడు, బృందాన్ని ఎత్తేయండని టెలిగ్రాం కొట్టాడు. నువ్వే తియ్యమని తిరుగు టెలిగ్రాం వచ్చింది. దర్శకుడంటే ఏం చేస్తాడయ్యా అని నటుల్నే అడిగాడట. ఇది ఆయన నోటి ముచ్చటే, కాస్త ఉప్పూ కారం పడే ఉంటుంది. పడనీ.

ఇక వారానికి రెండు మూడు కౌబాయ్ సినిమాలు, ఒక్కోటి ఒక్క రీలు. గదిలో కూర్చుని కథ కోసం గడ్డం గోక్కునే తీరికేది? గుర్రాలూ కెమెరా తీసుకుని ఊరి బయటికి పోయేవాళ్ళు. కొండ అంచు కనిపిస్తే అక్కణ్ణుంచి విలన్‌ని తోసేయాలి. తోయాలంటే తగవుండాలి, తగవుకో కారణముండాలి. అలా చివర్నుంచి మొదటికి అల్లేవాడు. ఒకచోట నీళ్ళు పారే చెక్క కాలువ కంటబడింది. పశువులు తాగే ఆ నీళ్ళలో ఎవడైనా విషం కలిపితే? 1911లో వచ్చిన 'ది పాయిజన్డ్ ఫ్లూమ్' అలా పుట్టిందే.

నీ కథలో చెరువుంది, గట్టుంది, తూముంది. వర్ణన బాగానే ఉంది, కానీ అంత మంచి తూముండగా ఒక్కడూ రాత్రిపూట వచ్చి తలుపెత్తడే!

రెండోది, మూడో పేజీలో గోడ దూకడం. 'మెరుపులా లంఘించాడు' అన్నావు. నేనూ కుర్రతనంలో ఇలాంటి మెరుపులు చాలానే మెరిపించాను, అన్నీ తిరుగు టపాలో వచ్చాయి. 1922లో డ్వాన్ 'రాబిన్ హుడ్' తీస్తుంటే, ఆ కోట సెట్టు చూసి హీరో డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ బెదిరిపోయాడు. ఇంత కోటలో తనెక్కడ ఆనతానని. డ్వాన్ పైనుంచి కిందిదాకా పెద్ద గుడ్డ తెర వేలాడదీయించి, దాని మడతల్లో జారుడుబల్ల దాచాడు. ఫెయిర్‌బ్యాంక్స్ తెర మీదుగా సర్రున జారాడు, చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. బల్ల మీదికి ఎగిరే సీనుంటే, ఎగరడానికి సరిపోయేంత ఎత్తుకి ముందే ఆ బల్ల కాళ్ళు కోయించేవాళ్ళు. ఒక్క అంగుళం ఎక్కువ సాగినా అందం పోతుందని డ్వాన్ లెక్క. చూసేవాళ్ళకి మాత్రం మనిషి గాల్లో తేలినట్టే ఉండేది.

నీ కుర్రాడికి మొదటి పేజీలో మోకాలు నొప్పి. మూడో పేజీలో ఆరడుగుల గోడ. గోడవార రుబ్బురోలు పెట్టు. అయితే దూకేటప్పుడు కాదు. రెండో పేజీలో, వాళ్ళమ్మ పప్పు రుబ్బుతూ వాణ్ణి తిడుతున్నప్పుడే పెట్టేయ్.

ఆ రెండు పేజీలూ తిరగరాసి పంపు. తూము సంగతి కూడా చూడు.

మీ మాస్టారు