ఏడో తరగతి అమ్మాయికి లెక్కల కోసం ఆన్‌లైన్‌లో ఏ కోర్సు కొనాలి?

ఏదీ కొనవద్దు. "వీడియో చూసినంతసేపూ అర్థమైందంటుంది, లెక్క ఇస్తే బిక్కమొహం వేస్తుంది" అని రాశారు కదా, అది కోర్సు మారిస్తే పోయే జబ్బు కాదు. మా ఇంట్లోనూ ఉండేది.

నిరుడు మా అమ్మాయి త్రిభుజ వైశాల్యం మీద మూడు వీడియోలు చూసింది. మొదటి దానిలో సగం సేపు నమస్కారాలు, సబ్‌స్క్రైబ్ చేయమని వేడుకోళ్లు, వెనక సంగీతం. లెక్కల పాఠానికి సంగీతం ఎందుకో నాకు ఈ జన్మకు అర్థం కాదు. చివరికి సూత్రం మాత్రం నోటికి వచ్చింది: భూమిని ఎత్తుతో గుణించి సగం చేయాలి.

ఆ రాత్రి జియోజీబ్రా తెరిచాను, బొమ్మలు గీసి వేలితో లాగి చూసుకునే లెక్కల సాఫ్ట్‌వేర్. ఉచితమే. ఆస్ట్రియాలో మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో విద్యార్థిగా ఉండగా మొదలుపెట్టింది. భూమి 6, ఎత్తు 4 పెట్టి త్రిభుజం గీసి, పై శీర్షం భూమికి సమాంతరంగా ఉన్న గీత మీదే జరిగేలా కట్టాను. "దీన్ని పక్కకు లాగితే వైశాల్యం ఏమవుతుంది?" అన్నాను. "పెరుగుతుంది నాన్నా, సాగుతోంది కదా!" అంది. ఐస్‌క్రీం పందెం వేసుకున్నాం.

లాగింది. 12. ఇంకా లాగింది. 12. తెర అంచుదాకా లాగేసరికి త్రిభుజం చీపురుపుల్లలా సన్నబడింది, రెండు భుజాలూ బారెడు పెరిగాయి, వైశాల్యం మాత్రం 12 దగ్గరే కూర్చుంది. "నీ కంప్యూటర్ చెడిపోయింది" అంది.

కాసేపాగి అసలు ప్రశ్న వేసింది. "ఎత్తు త్రిభుజం బయట పడింది కదా, బయట ఉన్న గీతతో లోపలి వైశాల్యం ఎలా వస్తుంది?"

నాకు తెలియదు. పదో తరగతి లెక్కల్లో 92 తెచ్చుకున్నానని పాతికేళ్లుగా చెప్పుకుంటున్నవాడిని. ఆ ప్రశ్న నాకెన్నడూ తట్టలేదు. కంప్యూటర్ మూసి, బల్ల మీద ఉన్న పెళ్లి శుభలేఖ తిరగేసి గీయడం మొదలుపెట్టాం. అరగంట పట్టింది. భూమిని ఎత్తు గీత పాదం దాకా, 10 అనుకోండి, పొడిగిస్తే పెద్ద లంబకోణ త్రిభుజం వస్తుంది. దాని భూమి 16, వైశాల్యం 32. అందులో మనది కాని చిన్న త్రిభుజం భూమి 10, వైశాల్యం 20. తీసేస్తే 12. పొడిగింపు 100 అయినా అంతే తేడా అని కనిపెట్టింది అమ్మాయే. ఐస్‌క్రీం కూడా తనే తింది, పందెం ఓడిపోయి.

వీడియోలు పూర్తిగా దండగ అనను. ఉచిత వీడియో పాఠాల ఖాన్ అకాడమీ కూడా 2004లో సల్మాన్ ఖాన్ (నటుడు కాదు) బంధువుల అమ్మాయి ఒకతెకు దూరం నుంచి లెక్కలు చెప్పడంతో మొదలైందే. ఆ పిల్ల ఎదురు ప్రశ్న వేయగలిగేది. మీ అమ్మాయి తెరను ఏమని అడుగుతుంది?

మా ఎదురింటివారు వేలు పోసి టాబ్లెట్ కోర్సు కొన్నారు. అమ్మవచ్చినతను ముందు పిల్లవాడికి పరీక్ష పెట్టి, వెనకబడ్డాడని తల్లిని బెదరగొట్టి సంతకం చేయించుకున్నాడు. ఇప్పుడు దాని మీద వాళ్ల చిన్నవాడు ఆటలాడుకుంటున్నాడు.

తెలుగు మీడియంలో చదివాం, ఇప్పటి పాఠాలు మనకేం తెలుస్తాయి అని వెనకాడకండి. నాకు ఉన్నతి (త్రిభుజం ఎత్తు) తెలుసు, దాన్నే ఆల్టిట్యూడ్ అంటే తడుముకునేవాడిని. మన ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు ఇప్పుడు ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషుగా వస్తున్నాయి, ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. ప్రైవేటు బడి పిల్లల తల్లిదండ్రులు వాటిని తెరిచి కూడా చూడరు, అదొక నామోషీ.

మార్కులు పెరిగాయా అని అడుగుతారు. తరవాతి పరీక్షలో ఇదే లెక్క వచ్చింది. శుభలేఖ వెనక గీసిన పద్ధతిలోనే చేసి వచ్చింది. జవాబు సరైనదే, సూత్రం రాయలేదని ఒక మార్కు కోశారు. ఆ గొడవ మీద ఎవరైనా విడిగా ప్రశ్న వేస్తే చెబుతాను.