చెయ్యి వదలకముందే తెలియాలి

హనుమకొండ,
ఆదివారం

అల్లుడూ,

నువ్వు రాసి పంపిన ఫైల్ మేనేజర్ మూడు రోజులు వాడి చూసిన. రంగులు, ఐకాన్లు బాగున్నాయి, వాటి జోలికి పోను. ఫైల్‌ను పట్టుకుని లాగి వదిలే దగ్గర మాత్రం రెండుసార్లు గుండె జల్లుమంది. ఫోన్‌లో చెప్తే సరే మామా అని మర్చిపోతావు, అందుకే రాస్తున్నా.

ఒక ఫోల్డర్ మీద క్లిక్ చేస్తే అది జరిగి పక్క ఫోల్డర్‌లో పడింది. మామకు చేతులు వణికే వయసొచ్చిందని నవ్వకు, టచ్‌ప్యాడ్ మీద నీకూ అవుతుంది. బటన్ నొక్కాక కర్సర్ ఒక్క పిక్సెల్ కదిలినా నువ్వు లాగడం కింద లెక్క కడుతున్నావు. విండోస్‌లో ఆ హద్దు మామూలుగా 4 పిక్సెల్‌లు, ప్రోగ్రామ్‌ల కిటికీలు, బటన్లు కట్టే క్యూటీ (Qt) లైబ్రరీలో 10. సొంత అంకె కనిపెట్టకు, సిస్టమ్‌ను అడిగి తీసుకో. ఇంకోటి: ఐదు ఫైళ్లు సెలెక్ట్ చేసి అందులో ఒకదాన్ని పట్టుకోగానే మిగతా నాలుగూ జారిపోతున్నాయి. బటన్ నొక్కగానే సెలెక్షన్ మార్చకు. లాగకుండా వదిలితేనే మార్చు.

ఇక అసలు సంగతి. అదే డ్రైవ్‌లో లాగితే ఫైల్ అక్కడికి మారుతుంది, వేరే డ్రైవ్‌లోకి లాగితే కాపీ అవుతుంది. విండోస్‌లో, మ్యాక్‌లో ఇదే పద్ధతి, నువ్వూ అదే పెట్టినవ్. ఎందుకట్లనో ఆలోచించినవా? ఏనుమాముల దగ్గర కోల్డ్ స్టోరేజ్‌లో మీ బాపు మిర్చి బస్తాలు పెట్టేవారు కదా. సరుకు చేతులు మారితే రిజిస్టర్‌లో ఒక పేజీలో కొట్టేసి ఇంకో పేజీలో రాసుకునేవాళ్లు, బస్తా మాత్రం ఉన్నచోటే ఉండేది. ఒకే డ్రైవ్‌లో మార్చడం అంతే. 40 జీబీల పెళ్లి వీడియో అయినా రెప్పపాటు పని. వేరే డ్రైవ్ అంటే బస్తాలన్నీ లారీకెత్తి ఇంకో స్టోరేజ్‌లో దించాలి. దారిలో లారీ ఆగొచ్చు. అందుకే అక్కడ అసలు దాన్ని కదపకుండా కాపీ చేస్తారు.

ప్రోగ్రామ్ రాసే మనకు ఇది సబబే. కానీ వాడేవాళ్లకు ఏ ఫోల్డర్ ఏ డ్రైవ్‌లో ఉందో ఏం తెలుసు? ఒకే పని చేస్తే ఒకసారి ఫైల్ ఉంటోంది, ఒకసారి పోతోంది. లైనక్స్‌లో వాడే కేడీఈ వాళ్ల ఫైల్ మేనేజర్ డాల్ఫిన్‌లో వదలగానే మార్చాలా, కాపీ చేయాలా, లింక్ పెట్టాలా అని అడిగే మెనూ ఉంది. భద్రమే, కానీ ప్రతిసారీ అడిగితే విసుగు. నా మాట వింటే పద్ధతి అట్లే ఉంచు, లాగుతున్నంతసేపూ కర్సర్ పక్కన మాటల్లో చెప్పు: ‘పెళ్లి ఫోటోలు’లోకి మారుతుంది, లేదా కాపీ అవుతుంది, అని. కాపీ అని చెప్పడానికి ఉత్త ప్లస్ గుర్తు చాలదు. మధ్యలో కంట్రోల్ నొక్కితే కాపీ, షిఫ్ట్ నొక్కితే మార్పు అన్నప్పుడు ఆ మాట కూడా వెంటనే మారాలి. నీ దాంట్లో మౌస్ కదిపితేగానీ మారట్లేదు. మెనూ కావాలనుకునేవాళ్లకు కుడి బటన్‌తో లాగే దారి ఉంచు, విండోస్‌లో ఎప్పటినుంచో ఉన్నదే.

నా తప్పు ఒకటి చెప్తా, మీ అత్తమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చాలా ఏండ్ల కింద ఒక ఫోటో స్టూడియోకు చిన్న ప్రోగ్రామ్ రాసిచ్చిన. వేరే డ్రైవ్‌లోకి మార్చేటప్పుడు ఒక్కో ఫైల్ రాయగానే అసలు దాన్ని చెరిపేసేలా పెట్టిన. 100 శాతం అని చూపించింది, స్టూడియోలో పనిచేసే పిల్లగాడు పెన్‌డ్రైవ్ పీకేసిండు. డేటా ఇంకా మెమరీలోనే ఉంది, డ్రైవ్‌కు చేరనేలేదు. తలంబ్రాల ఫోటోలన్నీ పోయినయ్. పెళ్లివాళ్లు వచ్చి ఆ పిల్లగాణ్ని తిడుతుంటే, తప్పు నాదని తెలిసి కూడా నోరు తెరవలేకపోయిన. మొత్తం కాపీ కావాలి, డిస్క్‌కు చేరిందని ఖాయం చేసుకోవాలి, సైజులు సరిచూడాలి, ఆ తర్వాతే చెరపాలి. నీ కోడ్‌లో ఆ వరుస ఉందో లేదో ఈ రాత్రే చూడు.

మిగతావి చిన్నవి. ఎస్కేప్ నొక్కితే లాగడం ఆగిపోవాలి. ఫోల్డర్‌ను దాని లోపలి ఫోల్డర్‌లోకే లాగితే ఒప్పుకోకు, వదలకముందే కర్సర్ వద్దని చెప్పాలి. పైన కాసేపు ఆగితే ఫోల్డర్ తెరుచుకోవడం 1997లో మ్యాక్ ఓఎస్ 8తో వచ్చింది, నీ దాంట్లో మరీ తొందరగా తెరుచుకుని దారిలో ఉన్నవన్నీ నోరు తెరుస్తున్నాయి. అదే పేరుతో ఫైల్ ఉంటే రెండింటి తేదీ, సైజు చూపించి అడుగు, ‘రెండూ ఉంచు’ అనేది కూడా ఉండాలి. కంట్రోల్ జెడ్ నొక్కితే వదిలినవన్నీ వెనక్కి రావాలి. ఇది లేకుండా ఎవరికీ ఇవ్వకు.

పోయిన ఎండాకాలం మణికట్టు విరిగాక మీ అత్తమ్మ బటన్ నొక్కిపట్టి లాగలేకపోయేది. లాగకుండా చేసే దారి ఉండాలని 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 (అందరూ వాడగలిగేలా ఉండాలనే ప్రమాణాలు) వెబ్ పేజీలకు చెప్తుంది, మన దాంట్లోనూ పాటిద్దాం. కట్, పేస్ట్ ఉంది గానీ, మెనూలో ‘ఇక్కడికి మార్చు’ కూడా పెట్టు.

వచ్చే ఆదివారం లాప్‌టాప్ తీసుకుని రా. మౌస్ నాదే, బటన్ సరిగ్గా పట్టదు, దానితోనే చూద్దాం. కాపీ సగంలో ఉండగా పెన్‌డ్రైవ్ పీకే పని నాది.

మీ మామ