సమాధానం: ప్రొఫెసర్లకు లేని యూనియన్ హక్కు సిబ్బందికి ఉంటుందా?

అమెరికాలోని ఒక చిన్న ప్రైవేట్ లిబరల్ ఆర్ట్స్ కళాశాలలో మీరు ల్యాబ్ సిబ్బందిగా పనిచేస్తున్నారని, ప్రొఫెసర్లకు యూనియన్ హక్కు లేదు కాబట్టి మీకూ ఉండదని అక్కడ చెప్పారని రాశారు. ఆ మాట సరికాదు. 1980లో యెషీవా విశ్వవిద్యాలయం కేసులో అమెరికా సుప్రీంకోర్టు 5–4 ఆధిక్యంతో ఇచ్చిన తీర్పు, పాఠ్యప్రణాళిక, మార్కుల విధానం, ప్రవేశాలు వంటి విషయాలను నిజంగా నిర్ణయించే పూర్తికాల అధ్యాపకులను యాజమాన్యంలో భాగంగా పరిగణించి, వారికి యూనియన్ హక్కుకు చట్ట రక్షణ లేదంది. పరికరాలు సిద్ధం చేసి, రసాయనాల నిల్వ చూసుకుని, విద్యార్థులు వెళ్లాక బల్లలు సర్దే మీకు అటువంటి అధికారమేదీ లేదు కనుక ఆ తర్కం మీకు వర్తించదు. అయితే ఉద్యోగులను నియమించే, తొలగించే సూపర్‌వైజర్ హోదా మీకు ఉంటే చట్టం ఈ రక్షణ ఇవ్వదు.

యూనియన్ కావాలా వద్దా అని తేల్చే ఎన్నిక కోరాలంటే మీ యూనిట్‌లో (యూనియన్ ప్రాతినిధ్యం వహించే ఉద్యోగుల బృందంలో) కనీసం 30 శాతం మంది మద్దతును సంతకాలతో, ఆ ఎన్నికలు నిర్వహించే ప్రభుత్వ సంస్థ అయిన జాతీయ కార్మిక సంబంధాల బోర్డుకు చూపాలి. వృత్తి నిపుణులుగా పరిగణించే ఉద్యోగులను మిగతా సిబ్బందితో కలపాలంటే వారిలో మెజారిటీ విడిగా ఓటు వేసి అంగీకరించాలి. లైబ్రేరియన్లు సాధారణంగా ఈ కోవకే వస్తారు కాబట్టి వారితో ముందుగానే మాట్లాడండి. అందరూ అందరికీ తెలిసిన చిన్న ప్రాంగణంలో జంకు సహజమే, కానీ జీతాల గురించి సహోద్యోగులతో చర్చించుకోవడం చట్టం కాపాడే హక్కు. సంతకాల సేకరణను మాత్రం విరామ సమయంలోనే పెట్టుకోండి.