జపాను వాళ్లకు ‘సహకరించారు’ అని రాయవచ్చా?

సందేహం: మా తాతగారు మలయాలో (ఇప్పటి మలేషియాలో) ఒక రబ్బరు తోటలో కిరాణీగా, అంటే లెక్కలు, హాజరు రాసే ఉద్యోగిగా పనిచేశారు. ‘జపానోళ్ల కాలం’లో, అంటే రెండో ప్రపంచయుద్ధంలో మలయా జపాను చేతిలో ఉన్న రోజుల్లో, సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) రైలు పనికి ఆ తోట నుంచి పంపిన మనుషుల జాబితా ఆయన చేత్తో రాసిందేనని ఇంట్లో చెప్పుకునేవారు. ఇప్పుడు మా కుటుంబ చరిత్ర రాస్తున్నాను. ‘జపాను వారికి సహకరించారు’ అంటే ఇష్టపడి చేసినట్టుంది. ‘తొత్తు’ అంటే తిట్టినట్టుంది. ‘చేతులు కలిపారు’ అనవచ్చా? ఆ కాలాన్ని ‘పాలన’ అనాలా, ‘ఆక్రమణ’ అనాలా? – ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ఈ మూడింటిలో ఏదీ మీ తాతగారికి సరిపోదు. మూడూ మనిషి ఉద్దేశం మీద తీర్పు చెప్పేసే మాటలు. మీకు తెలిసింది ఆయన చేసిన పని ఒక్కటే. కాబట్టి ఆయనకు ఏ పేరు పెట్టాలా అని వెతక్కండి. ఏ క్రియ వాడాలో చూడండి.

‘సహకరించు’ అంటే కలిసి చేయడం. పాల సహకార సంఘం, డాక్టరుకు సహకరించిన రోగి అంటూ మంచి పనులకే వాడి వాడి ఆ మాటకు మంచితనం అంటుకుంది. పరాయి పాలకుల విషయంలో మన పెద్దలు వేరే మాట ఎంచుకున్నారు. గాంధీజీ 1920లో నడిపిన ఉద్యమాన్ని తెలుగులో ‘సహాయ నిరాకరణ’ అన్నారు. మలయాలో బ్రిటిషువాళ్ల కింద చేసిన ఉద్యోగాల్లోనే జపాను వాళ్ల కిందా కొనసాగిన పోలీసులు, ఉద్యోగుల గురించి ‘సహకరించారు’ అంటే సరిపోవచ్చు. మీ సందర్భానికి మాత్రం చాలదు.

పాత తెలుగులో తొత్తు అంటే దాసి. ఇష్టాయిష్టాలతో పని లేకుండా ఊడిగం చేయాల్సిన మనిషి. ఇవాళ అర్థం దాదాపు తిరగబడింది. లాభం కోసం కోరి బలవంతుల పంచన చేరినవాణ్ణి తొత్తు అంటున్నాం. జపాను సైనిక పోలీసులైన కెంపెయ్‌తాయ్‌కి పొరుగువాళ్లను పట్టిచ్చి బతికిన వేగుల్ని ఆ మాట అనండి, తప్పు లేదు. ఇక చేతులు కలపాలంటే రెండు పక్కలా చేతులు ఖాళీగా ఉండాలి. 1943 జూలైలో సింగపూరు చేరి, అక్టోబరు 21న ఆజాద్ హింద్ ప్రభుత్వాన్ని ప్రకటించిన సుభాష్ చంద్రబోసు జపానుతో చేతులు కలిపారంటే వ్యాకరణమూ చరిత్రా రెండూ ఒప్పుకుంటాయి. ఆయనకు తన లక్ష్యం ఉంది, బేరమాడే స్థానం ఉంది. ఆయన నడిపిన ఆజాద్ హింద్ ఫౌజులో (సైన్యంలో) చేరిన తోట కూలీల్లో స్వాతంత్ర్యం కోసం చేరినవాళ్లు ఉన్నారు, రైలు పని తప్పించుకోవడానికి చేరినవాళ్లూ ఉన్నారు. అందరినీ ఒకే క్రియ కింద కట్టేయకూడదు.

కిరాణీ దగ్గరికి వద్దాం. తోటలో రోజూ పొద్దున్నే పేర్లు పిలిచి హాజరు వేసే చెక్‌రోలు ఆయన చేతిలో ఉండేది. కూలీల వరుస ఇళ్లలో ఎవరు ఏ లైనింట్లో ఉంటారో, ఎవరు ఒంటరివాళ్లో, ఎవరికి పిల్లలున్నారో ఆయనకు తెలుసు. జపాను వాళ్లు వచ్చేసరికి తోటల తెల్లదొరల్లో కొందరు పారిపోయారు, మిగిలినవాళ్లు జపాను వాళ్ల నిర్బంధంలో పడ్డారు. రబ్బరు కొనేవాడు లేడు. బయటి నుంచి రావలసిన బియ్యం తగ్గిపోయి జనం కర్రపెండలం మీద బతికారు. పని లేని ఆ తోటల్లోంచే సయాం–బర్మా రైలుదారికి మనుషుల్ని లాగారు. రోజుకు డాలరు కూలి, మూడు నెలల్లో ఇంటికి అని మొదట ఆశ పెట్టారు. తర్వాత బలవంతాన పట్టుకుపోయారు. 415 కిలోమీటర్ల ఆ దారి 1943 అక్టోబరులో పూర్తయింది. మలయా నుంచి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది తమిళులు, వాళ్లతో పాటు మన తెలుగువాళ్లూ ఉన్నారు. కలరాతో, ఆకలితో వేల మంది అక్కడే పోయారు. ఇక్కడ ఉత్త ‘కూలీలు’ అని సరిపెట్టకండి. ‘కూలి పేరుతో వెట్టి’ అని రాయండి.

ఇంత జరిగిన చోట ‘జాబితా రాశారు’ అంటే నిజమే గానీ సగమే. తెలుగులో దీనికి చక్కని సాధనం ఉంది, ప్రేరణార్థక క్రియ. ‘జపాను అధికారులు ఆయన చేత జాబితా రాయించారు’ అన్నారనుకోండి. రాసిన చెయ్యి ఎవరిదో తెలుస్తుంది, రాయించినవాడు ఎవడో కూడా తెలుస్తుంది. ‘రాయాల్సి వచ్చింది’ అంటే ఒత్తిడి కనిపిస్తుంది గానీ ఒత్తిడి పెట్టినవాడు మాయమవుతాడు. మన చరిత్ర రాతల్లో ఈ ‘వచ్చింది’ మరీ ఎక్కువైపోయింది, నాకు నచ్చదు. ‘రాసి ఇచ్చారు’ అంటే మళ్లీ అడిగిందే తడవుగా అందించినట్టు వినిపిస్తుంది.

అలాగని ‘రాయించారు’ చాటున ఆయన్ను దాచనూ వద్దు. తన బంధువుల పేర్లు జాబితాలోంచి తీసేశారని ఇంట్లో ఎవరైనా చెప్పి ఉంటే ‘తనవాళ్ల పేర్లు తప్పించారు’ అని పక్కనే రాయండి. ఆ పేర్ల బదులు వేరేవాళ్ల పేర్లు ఎక్కి ఉంటే అదీ రాయాలి. అలా పోయినవాళ్ల మనవలు మీ పుస్తకం చదవవచ్చు.

‘ద్రోహి’ జోలికి మాత్రం పోకండి. 1945 ఆగస్టులో జపాను లొంగిపోయాక, బ్రిటిషు సైన్యం తిరిగి వచ్చేలోపు, అడవుల్లోంచి బయటికొచ్చిన గెరిల్లాలు జపాను మనుషులని ముద్ర పడినవాళ్లను చాలామందిని చంపారు. విచారణ ఉంటే ఉంది, లేకపోతే లేదు. మలయా ప్రజల జపాను వ్యతిరేక సైన్యానికి చెందిన ఆ గెరిల్లాలు, ఎక్కువగా చైనీయులు, మూడేళ్లు ఆయుధాలతో పోరాడారు. ‘ప్రతిఘటన’ అనే బరువైన మాట వాళ్లకు తగుతుంది. రైలు పని శిబిరం నుంచి పారిపోయినవాళ్లకు ‘తప్పించుకున్నారు’, పిలిచినా కదలనివాళ్లకు ‘మొరాయించారు’ చాలు. చిన్న మాటలైనా ప్రాణాలకు తెగించి చేసిన పనులే.

మీ చివరి ప్రశ్నకు జవాబు: రెండూ కావాలి. సింగపూరు పడిపోయిన 1942 ఫిబ్రవరి 15 నుంచి 1945 సెప్టెంబరు దాకా ఆ గడ్డతో జపానుకున్న సంబంధం ‘ఆక్రమణ’. కాలానికి పేరుగా అదే వాడండి. గడియారాలను టోక్యో వేళకు తిప్పించడం, బళ్లలో జపాను భాష చెప్పించడం, అరటి బొమ్మ నోట్లు చెలామణీ చేయించడం, కాపలా సైనికుడి ముందు తలవంచకపోతే చెంప పగలగొట్టడం, ఇదంతా ‘సైనిక పాలన’. ఇంట్లోవాళ్లు చెప్పిన మాటల్లో ‘జపానోళ్ల కాలం’ అని ఉంటే అలాగే ఉంచండి, దిద్దకండి.

‘కిరాణీ’ని గుమస్తాగా మార్చకండి, మలయా తోటల్లో వాడుకైన మాట అది. కాకపోతే ఇక్కడి పాఠకులకు కిరాణా కొట్టు గుర్తొస్తుంది కాబట్టి, మొదటిసారి వచ్చిన చోట ‘తోటలో లెక్కలు, హాజరు రాసే ఉద్యోగి’ అని ఒక్క ముక్క చేర్చండి.