జీపు బాగుచేయాలంటే ముందు బ్రేకులు, పెయింటు ఆఖర్న

ప్రశ్న: మా మామగారి మహీంద్రా పెట్రోలు జీపు, 1969 మోడల్, ఆయన పోయినప్పటి నుంచి తోటలోని షెడ్డులో కదలకుండా పడి ఉంది. ఈ వేసవి సెలవుల్లో మావారు, ఇంటర్ చదివే అమ్మాయి, తొమ్మిదో తరగతి అబ్బాయి కలిసి దాన్ని బాగుచేస్తామంటున్నారు. తెలిసిన మెకానిక్కేమో ముందు పెయింటు వేయించండి, మిగతాది తర్వాత చూద్దాం అంటున్నాడు. పిల్లలకు ఎక్కడ దెబ్బ తగులుతుందోనని నాకు టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక గృహిణి, తణుకు

జవాబు: పెయింటు ఆఖరి పని అమ్మా. ఇప్పుడే వేయిస్తే ఇంజను దించేటప్పుడు గీతలు పడతాయి, బ్రేక్ ఆయిల్ చుక్క పడ్డచోటల్లా రంగు పొంగి లేస్తుంది, మళ్లీ డబ్బు పోయాల్సిందే. ముందు బండి ఆగడం ఖాయం చేసుకోండి, కదిలించడం తర్వాత. ఆ కాలం జీపుకి నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే, పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండర్ నుంచి వెళ్లే లైను కూడా ఒక్కటే, అంటే ఎక్కడ ఒక్క గొట్టం పగిలినా నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. పైకి బాగానే కనిపించినా సరే, మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లు, రబ్బరు గొట్టాలు కొత్తవి వేయండి.

మీరు నిజంగా జాగ్రత్తపడాల్సింది హ్యాండ్‌బ్రేక్ దగ్గర. ఈ జీపులో అది చక్రాల మీద పనిచేయదు, ఇంజను బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు వెనక, ఆ బలాన్ని వెనక చక్రాలకు చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్టును పట్టుకుంటుంది. వెనక చక్రం ఒకటి జాకీతో లేపారనుకోండి, రెండు చక్రాలూ వేర్వేరుగా తిరగనిచ్చే గేర్ల పెట్టె, అంటే డిఫరెన్షియల్, వల్ల గాల్లో ఉన్న చక్రం ఒకవైపు తిరుగుతుంటే నేలమీదున్న చక్రం రెండోవైపు దొర్లుతుంది, హ్యాండ్‌బ్రేక్ ఎంత గట్టిగా లాగి ఉన్నా బండి కదిలి జాకీ మీంచి జారిపోవచ్చు. గేరులో పెట్టినా అంతే. కాబట్టి చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు, ఛాసిస్ కింద గట్టి స్టాండ్లు పెట్టేదాకా పిల్లల్ని బండి కిందకు దూరనివ్వద్దు. పాత బ్రేక్ లైనింగుల్లో, పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. డ్రమ్ము విప్పాక ఆ దుమ్మును గాలి కొట్టి ఊదకుండా, మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడిచి, గుడ్డను కవర్లో కట్టి పారేయాలి. ఆ పని మీవారే చేయాలి, పిల్లలు కాదు.

ఇక ఇంజను. ఏళ్ల తరబడి ఆగిపోయినదానికి బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టొద్దు. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఒక్కో సిలిండర్లో కొంచెం ఇంజనాయిల్ పోసి, రెండు మూడు రోజులు వదిలేసి, ప్లగ్గులు బయటే ఉంచి బండి ముందు నుంచి దూర్చి తిప్పే హ్యాండిల్‌తో మెల్లగా తిప్పి చూడండి. తిరిగితే సగం గండం గడిచినట్టే. తర్వాత హ్యాండిల్‌తో స్టార్ట్ చేసేటప్పుడు మాత్రం బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉండాలి, ఇంజను ఎదురు తన్నితే హ్యాండిల్‌కి రెండోవైపున్న బొటనవేలు విరుగుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం దాకా ఇథనాల్ కలిపిన పెట్రోలు, పాత రబ్బరు దానికి ఆగదు, అందుకని పెట్రోలు గొట్టాలూ పంపులోని పల్చటి పొర (డయాఫ్రమ్) కూడా దాన్ని తట్టుకునే రకం చూసి మార్చండి.

పిల్లలకు నట్లు తుడిచే పని ఒక్కటే ఇచ్చి కూర్చోబెట్టకండి. వైరింగ్ అమ్మాయికి అప్పగించండి, ఊడదీసే ముందు ప్రతి వైరుకీ ఫోన్లో ఫొటో తీసి, టేపు ముక్క మీద నంబరు రాసి అంటించాలి. అబ్బాయిని కార్బ్యురేటర్ విప్పమనండి, కాకపోతే అంచున్న స్టీలు పళ్లెంలో పెట్టి విప్పాలి, పెట్రోలు వెళ్లే సన్నటి రంధ్రమున్న జెట్టు అనే చిన్న ముక్క గడ్డిలో పడిందంటే ఇక దొరకదు.

ప్రశ్న: మాది 1971 పెట్రోలు జీపు. మైలేజీ రావట్లేదని మా బావగారు డీజిల్ ఇంజను వేయించమంటున్నారు, నాన్నగారు ససేమిరా అంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: నాన్నగారి మాటే వినండి. ఈ జీపు బానెట్ అంత ఎత్తుగా ఉండటానికి కారణమే ఆ ఇంజను. అమెరికాలో ఈ జీపు తయారుచేసిన విల్లీస్ కంపెనీ వాళ్లు 1953లో సి.జె.-3బి మోడల్ తెచ్చినప్పుడు ఇన్‌టేక్ వాల్వులు హెడ్డులో, ఎగ్జాస్ట్ వాల్వులు బ్లాకులో ఉండే 2.2 లీటర్ల హరికేన్ ఇంజను పెట్టారు, అది పాతదానికన్నా ఎత్తు కాబట్టి బానెట్ పైకి లేపారు. మహీంద్రా దశాబ్దాలపాటు ఇక్కడ తయారుచేసింది ఆ రూపాన్నే. మైలేజీ కోసం ఆ జోడీని విడదీయడం నాకు మనసొప్పదు. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజను మార్చాలంటే ముందుగా రవాణా శాఖ అనుమతి కావాలి, ఆర్.సి.లో ఎక్కించాలి.

ఇంకో సంగతి, 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన సొంత వాహనానికి వి.ఎ. అక్షరాలున్న ప్రత్యేక నంబరు ఇస్తారు, పదేళ్లకు రుసుము 20,000 రూపాయలు, కానీ ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదు. ఆ నంబరు తీసుకుంటే బండిని రోజూ రోడ్డు మీద తిప్పడానికి లేదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ పెట్రోలుకీ మరమ్మతుకీ మాత్రమే. పొలానికి వెళ్లిరావాలంటే మామూలు ఆర్.సి.నే ఫిట్‌నెస్ చేయించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోండి.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అన్నయ్య విల్లీస్ పార్టులు పంపుతానంటున్నాడు. మన జీపుకి సరిపోతాయా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఇంజను, గేర్‌బాక్స్, యాక్సిల్ లోపలి సామాను చాలావరకు సరిపోతుంది, పాత పార్టు మీది నంబరు ఫొటో తీసి పంపండి. అక్కడి బండి స్టీరింగ్ ఎడమవైపు కాబట్టి స్టీరింగ్, పెడల్ సామాను మాత్రం తెప్పించొద్దు. అన్నయ్యను ఒక సెట్టు అంగుళాల పానాలు తెమ్మనండి, అదే పెద్ద సాయం. ఈ జీపు బోల్టులు అంగుళాల కొలతవి. 9/16 అంగుళం అంటే దాదాపు 14.3 మిల్లీమీటర్లు, 14 నంబరు పానా ఎక్కదు, 15 నంబరుది జారి మూలలు అరగ్గొడుతుంది. తుప్పుపట్టిన బోల్టు తల అలా గుండ్రంగా అయిపోతే ఇక వెల్డింగ్ షాపుకే.

ప్రశ్న: ఫోర్ వీల్ వేసి తారురోడ్డు మీద తిప్పితే స్టీరింగ్ బరువెక్కింది, లివరు వెనక్కి రావట్లేదు. విరిగిపోయిందా?
– ఒక పాఠకుడు, పాడేరు

జవాబు: విరిగి ఉండదు. మలుపులో ముందు చక్రాలు వెనక వాటికన్నా ఎక్కువ దూరం తిరగాలి, ఫోర్ వీల్ వేస్తే ముందుకూ వెనక్కూ వెళ్లే రెండు షాఫ్టులూ ఒకే వేగంతో కట్టుబడిపోతాయి, బురదలోనో ఇసుకలోనో అయితే టైరు జారి సర్దుకుంటుంది, తారు మీద జారదు కాబట్టి గేర్లు బిగుసుకుంటాయి. స్టీరింగ్ నిటారుగా ఉంచి బండిని కొంచెం రివర్సులో నడిపి, క్లచ్ తొక్కి లివరు లాగండి, వచ్చేస్తుంది.