టోకెన్ పడింది, డబ్బు పడలేదు: ఆసుపత్రి ఖర్చులపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా నాయనకు గుండెకు స్టెంటు వేయాలని డాక్టరు చెప్పారు. ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలకు పెరిగిందని అందరూ అంటున్నారు. తీరా హైదరాబాదులో మేము వెళ్లిన ప్రైవేటు ఆసుపత్రి వారు "పాత బిల్లులే రాలేదు, ఇప్పుడు ఈ కేసులు తీసుకోవడం లేదు, నగదు కడితే రేపే చేస్తాం" అన్నారు. కార్డు చేతిలో ఉండగా మిత్తికి డబ్బులు తేవలసిన పరిస్థితి ఎందుకు వచ్చింది?
- ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: అమ్మా, ముందు మీ నాయన సంగతి చూద్దాం. అప్పు చేసే ముందు 104కు ఫోన్ చేసి ఆ ఆసుపత్రి నిరాకరించిన విషయం చెప్పి, ఫిర్యాదు నమోదు చేయించండి. నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులలోనూ స్టెంట్లు వేస్తారు. అక్కడ పథకం రోగులకు సాయపడే ఉద్యోగి, అంటే ఆరోగ్యమిత్రను కలిసి రిపోర్టులు చూపించండి. వరుస ఉండవచ్చు కనుక, ఎన్ని రోజులు ఆగవచ్చో మీ డాక్టరునే కాగితం మీద రాసిమ్మని అడగండి. ఈలోగా నొప్పి మళ్లీ వస్తే మాత్రం వరుస సంగతి పక్కనబెట్టి 108ని పిలవండి. నిమ్స్‌లో పథకం వర్తించని ఖర్చు ఏదైనా మిగిలితే ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి ముందుగానే ఎల్‌వోసీ (ఖర్చు ప్రభుత్వం భరిస్తుందని ఆసుపత్రికి ఇచ్చే హామీ పత్రం) తెచ్చుకునే వీలుంది.

ఇక డబ్బు సంగతి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరు 9న 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. ఆ తరువాతి సంవత్సరం 163 చికిత్సలను కొత్తగా చేర్చి, చాలా చికిత్సల ధరలనూ సవరించారు. ఇవి మంచి నిర్ణయాలే. అయితే స్టెంటు పాత పరిమితిలోనే సులువుగా ఇమిడే చికిత్స. మీకు అడ్డుపడింది పరిమితి కాదు, ఆసుపత్రికి డబ్బు చేరే రోజు. 2025 సెప్టెంబరులో నెట్‌వర్క్ ఆసుపత్రులు (పథకంలో చేరిన ప్రైవేటు ఆసుపత్రులు) సేవలు నిలిపివేసినప్పుడు కూడా వారి మొదటి మాట బకాయిలే.

నేను ఒక ప్రభుత్వ ఆసుపత్రి లెక్కల విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను కనుక ఈ బకాయి ఎలా పుడుతుందో దగ్గర నుంచి చూశాను. బడ్జెటు పుస్తకంలో అంకె ఉన్నంత మాత్రాన డబ్బు ఉన్నట్టు కాదు. ఆర్థిక శాఖ విడుదల ఉత్తర్వు ఇవ్వాలి, మేము బిల్లు పెట్టాలి, ట్రెజరీ దాన్ని పాసు చేసి టోకెన్ నంబరు ఇవ్వాలి, ఆపైన ఖజానాలో సొమ్ము ఉన్నప్పుడు ఆ టోకెన్‌కు చెల్లింపు జరగాలి. మా ఆసుపత్రి దుప్పట్లు ఉతికే కాంట్రాక్టరు ప్రతి సోమవారం వచ్చి నా బల్ల ఎదురుగా నిలబడి "సార్, పడ్డదా?" అని అడిగేవాడు. "టోకెన్ పడింది" అంటే నవ్వి, "అది పోయినసారే పడ్డది సార్, పైసలు పడ్డాయా?" అనేవాడు. ఒక ఏడాది ఏడు నెలల బిల్లులు అలాగే నిలిచిపోయేసరికి అతడు ఉతకడం రోజు విడిచి రోజుకు మార్చాడు. ప్రసూతి వార్డులో తల్లులు ఇంటి నుంచి తెచ్చుకున్న చీరలే పరుపుల మీద పరచుకున్నారు. ఆ చీరల ఖర్చు ఏ లెక్కలోనూ రాయలేదు. మీ స్టెంటు కేసులో జరుగుతున్నదీ అదే: ప్రభుత్వం ఆలస్యం చేసిన చెల్లింపును చివరకు రోగి ఇంటివారు మిత్తితో సహా భరిస్తున్నారు.

అసలు డబ్బే తక్కువ కాదా అంటే, అదీ నిజమే. 2025-26 రాష్ట్ర బడ్జెటు రూ.3,04,965 కోట్లు కాగా అందులో వైద్య ఆరోగ్య శాఖ వాటా రూ.12,393 కోట్లు, అంటే నూటికి నాలుగు రూపాయల పైచిలుకు. రాష్ట్రాలు తమ బడ్జెటులో 8 శాతానికి మించి ఆరోగ్యానికి ఖర్చు చేయాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పి, అందుకు 2020ని గడువుగా పెట్టింది. కానీ ఇచ్చే నాలుగు రూపాయలైనా తేదీ ప్రకారం రాకపోతే, వాటి విలువ మూడు రూపాయలకు పడిపోతుంది. ఆలస్యంగా డబ్బు అందుతుందని తెలిసిన సరఫరాదారు ఆ ఆలస్యాన్ని కూడా టెండరు ధరలో కలిపే రాస్తాడు కదా. అందువల్ల పరిమితి పెంచే ముందు, క్లెయిము (ఆసుపత్రి పెట్టిన బిల్లు) పాసైన ఇన్ని రోజులలో చెల్లిస్తామని, దాటితే వడ్డీ కడతామని ప్రభుత్వం తనకు తానే గడువు విధించుకుని ఉంటే మీలాంటి వారికి ఎక్కువ మేలు జరిగేదని నా అభిప్రాయం.

ప్రశ్న: ప్రైవేటు ఆసుపత్రులకు కట్టే ఆరోగ్యశ్రీ సొమ్మంతా ఆపి ప్రభుత్వ ఆసుపత్రులకే ఇస్తే సమస్య తీరదా? ఇప్పుడు ఉమ్మడి పాలమూరులో జిల్లాకో మెడికల్ కాలేజీ వచ్చింది కదా?
- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, మహబూబ్‌నగర్

జవాబు: మాష్టారూ, మీ జిల్లాకు ఈ ప్రశ్న అడిగే హక్కు మిగతా వారికన్నా ఎక్కువ ఉంది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీని ప్రయోగంగా మొదలుపెట్టిన మూడు జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి. మిగిలినవి అనంతపురం, శ్రీకాకుళం. కూలికి ముంబై, పుణెలకు వలసపోయే కుటుంబంలో ఒక్క గుండె జబ్బు వస్తే ఉన్న ఎకరం అమ్ముకోవలసిన రోజులవి. ఆ పథకం ప్రాణాలు నిలబెట్టిన మాట కాదనలేం. అయితే పెద్ద ఆపరేషన్ల సొమ్ము నగరం వైపు పారడం అలవాటైన తరువాత, జిల్లా ఆసుపత్రిలో ఆ వైద్యం పెరగవలసిన ఒత్తిడి తగ్గిపోయింది.

మీరన్నట్టు ఒక్కసారిగా ఆపితే మాత్రం నష్టపోయేది రోగులే. మహబూబ్‌నగర్‌లో 2016లో, నాగర్‌కర్నూల్, వనపర్తులలో 2022లో, గద్వాల, నారాయణపేటలలో 2024లో కళాశాలలు తెరిచారు. భవనం రెండేళ్లలో లేస్తుంది, మత్తు డాక్టరు రెండేళ్లలో తయారు కాడు. అధ్యాపకుల కొరతపై జాతీయ వైద్య కమిషన్ 2025లో రాష్ట్రంలోని అనేక ప్రభుత్వ కళాశాలలకు నోటీసులు ఇచ్చింది. హైదరాబాదులో ఇల్లు పెట్టుకుని తెల్లవారి బస్సెక్కి వచ్చే స్పెషలిస్టు, మధ్యాహ్నం తరువాత వార్డులో కనిపించకపోవడం మీరూ చూసే ఉంటారు. కొత్తగా చేరే ప్రభుత్వ డాక్టర్లకు ప్రైవేటు ప్రాక్టీసును 2022లో నిషేధించారు. నిషేధం సరే, పిల్లల బడి, ఉండటానికి క్వార్టరు, ఒకటో తారీకు జీతం, ఈ మూడూ జిల్లాలో దొరకకపోతే ఎవరిని ఎంతకాలం కట్టి ఉంచగలం?

ఇందులో మరో చిక్కు బయటికి కనిపించదు. కళాశాలకు అనుబంధమైన ఆసుపత్రి వైద్య విద్యా సంచాలకుల కింద, ఏరియా ఆసుపత్రి వైద్య విధాన పరిషత్తు కింద, పీహెచ్‌సీ ప్రజారోగ్య విభాగం కింద ఉంటూ వచ్చాయి. పరిషత్తు ఉద్యోగులు తమ జీతాలను ట్రెజరీ 010 పద్దు (ప్రభుత్వ ఉద్యోగులకు ఖజానా నుంచి నేరుగా జీతమిచ్చే పద్దు) కిందకు మార్చాలని ఏళ్లుగా అడుగుతూ వచ్చింది ఊరికే కాదు. గ్రాంటు వస్తేనే జీతం అన్న ఏర్పాటులో నెల దాటిపోవడం మామూలైపోయింది.

నేనైతే ఇలా మొదలుపెడతాను. ఆరోగ్యశ్రీ కింద ప్రభుత్వ ఆసుపత్రి చేసిన ఆపరేషన్‌కు కూడా పథకాన్ని నడిపే ట్రస్టు నుంచి సొమ్ము వస్తుంది. కొంత ఆసుపత్రి అభివృద్ధి సంఘానికి, కొంత చేసిన బృందానికి ప్రోత్సాహకంగా. చాలాచోట్ల ఆ క్లెయిములు సరిగ్గా నమోదే కావు, ఎందుకంటే ఫోటోలు, రిపోర్టులు అప్‌లోడ్ చేసే డేటా ఎంట్రీ మనిషి ఔట్‌సోర్సింగ్ ఉద్యోగి, అతనికీ జీతం బకాయే! ఆ ఒక్క కుర్చీని నిలబెట్టి, వచ్చిన సొమ్మును సూపరింటెండెంటు స్థానికంగా ఖర్చు చేసే అధికారం ఇస్తే, ఎముకలు, హెర్నియా, గర్భసంచి కేసులు ముందుగా జిల్లాలోనే ఆగుతాయి. గుండె, మెదడు కేసులకు ప్రైవేటు తోడు ఇంకొన్నేళ్లు తప్పదు.

ప్రశ్న: వైద్యానికి ఇంత ఖర్చు చేసే బదులు జబ్బు రాకుండా చూస్తే చవక కాదా? మా ఫ్లోరైడ్ గ్రామాలే ఉదాహరణ.
- ఒక పాఠకుడు, మర్రిగూడ

జవాబు: చవకే, సందేహం లేదు. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న సంగతి మీ ప్రాంతంలో చదువురాని వారికి కూడా తెలుసు. మీకు కృష్ణా నీళ్లు తెచ్చిన ఖర్చు నీటి సరఫరా పద్దులో ఉంటుంది, దానివల్ల తగ్గిన జబ్బు ఆరోగ్య శాఖ లెక్కలో లాభంగా కనిపించదు. నివారణకు నిధులు అడిగే అధికారి ఆర్థిక శాఖ ముందు ఓడిపోయేది ఇక్కడే. పైగా నీరు మారినా, పాతికేళ్ల కిందట వంగిన నడుము నిటారు కాదు. అలాంటి వారికి కావలసింది ఒకసారి చేసి బిల్లు పెట్టే ఆపరేషన్ కన్నా నెలనెలా దగ్గరలో దొరికే ఫిజియోథెరపీ, నొప్పి మందులు. చికిత్సకు ఇంత అని కట్టే పథకంలో ఆ సేవ సరిగ్గా అమరదు. అందుకు జీతం మీద పనిచేసే ఫిజియోథెరపిస్టు మీ మండలంలోనే ఉండాలి. గ్రామసభలో అడగదలిస్తే ఆ పోస్టును పేరు పెట్టి అడగండి.